ఓల్డువాన్ పద్ధతిలో రాతి పెచ్చు తీయడం

ఇథియోపియాలోని గోనాలో దొరికిన సుమారు 26 లక్షల ఏళ్లనాటి ఓల్డువాన్ పనిముట్లు (రాయితో రాయిని కొట్టి పదునైన పెచ్చులు తీసే తొలి రాతియుగపు పద్ధతివి) చూడ్డానికి ఉత్త రాతిముక్కల్లా ఉంటాయి. ఒక్క పెచ్చు తీసి చూస్తేగానీ వాటి వెనకున్న నేర్పు అర్థం కాదు.

సుత్తిరాయిగా పిడికెడంత గుండ్రటి గులకరాయి, అర కిలో బరువుది సరిపోతుంది. పెచ్చు తీయడానికి సన్నరేణువుల బసాల్టు గానీ క్వార్ట్‌జైటు గానీ తీసుకోండి. తట్టి చూస్తే ఖంగుమనాలి. బొంగురుగా మోగితే లోపల పగులుందన్నమాట. రక్షణ కళ్లద్దాలు, తోలు గ్లవుజులు తప్పనిసరి. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, ఆరుబయటే చేయండి.

అసలు కిటుకంతా కోణంలో ఉంది. దెబ్బ వేసే ముఖానికీ పక్క ముఖానికీ మధ్య 90 డిగ్రీల లోపే ఉండాలి, 70-80 అయితే మేలు. అంచుకు ఓ సెంటీమీటరు లోపల, ఏటవాలుగా ఒక్కటే గట్టి దెబ్బ. తగిలాక కూడా చెయ్యి ఆపకండి. మరీ అంచున కొడితే నుసి రాలుతుంది. బలం చాలకపోతే పెచ్చు సగంలో విరిగి రాయి మీద మెట్టు మిగులుతుంది. తర్వాతి పెచ్చులూ అక్కడే ఆగిపోతాయి, రాయిని తిప్పి ఇంకో వైపు మొదలుపెట్టాల్సిందే.

ఊడిన పెచ్చు లోపలి ముఖం వెలుతురులో చూడండి: దెబ్బ తగిలిన చోటు కింద చిన్న ఉబ్బు, అక్కణ్నుంచి నీటి అలల్లా గీతలు. ఎండకు పగిలిన రాయికి ఇవి ఉండవు.

నంద్యాల జిల్లా జ్వాలాపురం లాంటి ప్రాచీన స్థావరాల దగ్గర ఈ పని అస్సలు చేయొద్దు. మీ పెచ్చులు పాతవాటిలో కలిస్తే విడదీయడం చాలా కష్టం.