పాత కారు మన చేతుల్లో – 6వ పాఠం: బాల్ జాయింట్, రెండో విడత

ఐదో పాఠంలో ఒక వాక్యం రాశాను. ముందు చక్రాన్ని జాకీ మీద లేపండి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపండి, ఊగిందంటే బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే, గిన్నెలో గుండు తిరిగే కీలు) పోయినట్టే అని. ఆ వాక్యాన్ని నమ్మి కొందరు డబ్బు పోగొట్టుకున్నారు. ఇద్దరి సంగతి చెబుతాను, ఎందుకంటే ఇవాళ్టి పాఠంలో సగం వాళ్ల ఉత్తరాల్లోంచే వచ్చింది.

ఒకాయన తన మారుతి 800కి ఎడమవైపు లోయర్ ఆర్మ్ (బండికీ బాల్ జాయింట్‌కీ మధ్య ఉండే కింది ఇనప చెయ్యి) కొత్తది తెచ్చి, ఆదివారమంతా కష్టపడి వేసుకున్నారు. సాయంత్రం మళ్లీ జాకీ ఎక్కించి ఊపితే చక్రం అంతకుముందు ఎంత ఊగిందో అంతే ఊగింది. పోయింది బాల్ జాయింట్ కాదు, వీల్ బేరింగ్. ఇంకొకాయనది పాత టాటా సుమో. స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ ముందునుంచి ‘టక్’మని మోత. నేను చెప్పినట్టే లేపి ఊపారు, ఏమీ ఊగలేదు. బాగుందనుకుని ఇంకో రెండు నెలలు తిప్పారు. ఈ రెండోది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. అరిగిన గుండు గిన్నెలోంచి ఊడి వచ్చిందంటే చక్రం మడ్‌గార్డ్ కిందకి అడ్డంగా మడుచుకుపోతుంది. అప్పుడు స్టీరింగ్ మీ చేతిలో ఉండీ లేనట్టే.

ముందు బేరింగ్ సంగతి. పైనా కిందా పట్టుకుని ఊపితే చక్రం ఊగుతోందా? ఇంట్లోవాళ్లెవరినైనా డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమనండి. మళ్లీ ఊపండి. బ్రేకు పట్టగానే ఊగడం ఆగిపోతే బేరింగే. బ్రేకు తొక్కినప్పుడు హబ్బు (చక్రాన్ని బిగించే భాగం), నకిల్ (హబ్బుని పట్టుకుని స్టీరింగ్‌తో తిరిగే ఇనప ముక్క) ఒకటే ముద్దగా బిగుసుకుంటాయి, మధ్యలో ఉన్న బేరింగ్ లూజు బయటికి కనిపించదు. బ్రేకు తొక్కినా ఊగుతూనే ఉంటే లూజు నకిల్‌కి అవతల ఉంది: బాల్ జాయింటో, పైన స్ట్రట్ (షాక్ అబ్జార్బర్ ఉన్న నిలువు కాలు) బాడీకి బిగిసే మౌంటో. చక్రాన్ని పక్కలనుంచి, అంటే గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట్ల పట్టుకుని ఊపితే ఆడేది మామూలుగా టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ కడ్డీ నకిల్‌కి కలిసే కీలు. దాని పాఠం వేరే.

ఇక జాకీ ఎక్కడ పెట్టాలన్నది. కిందటిసారి ఇది చెప్పకుండా వదిలేశాను, సుమో ఆయన మోసపోయింది ఇక్కడే. ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగు ఎక్కడ కూర్చుందో వంగి చూడండి. మారుతి 800లో స్ప్రింగు స్ట్రట్ చుట్టూ ఉంటుంది. బండి బరువు పైనుంచి స్ట్రట్ గుండా నకిల్‌లోకి, అక్కడినుంచి చక్రంలోకి దిగుతుంది. కింద ఉన్న బాల్ జాయింట్ ఆ బరువు మొయ్యదు, చక్రం అడుగుభాగం లోపలికీ బయటికీ, ముందుకీ వెనక్కీ పోకుండా పట్టుకోవడమే దాని పని. అందుకని ఇలాంటి బండికి జాకీ బాడీ కిందే పెట్టాలి, చక్రం వేలాడాలి. వేలాడినప్పుడు జాయింట్ మీద ఏ ఒత్తిడీ ఉండదు, లూజుంటే దాచుకోలేదు. అదే జాకీని లోయర్ ఆర్మ్ కింద పెట్టారో, బండి బరువు జాయింట్‌ని నొక్కేస్తుంది, అరిగిపోయిన జాయింట్ కూడా కొత్తదానిలా కదలకుండా కూర్చుంటుంది.

సుమోలో అంతా తలకిందులు. అక్కడ పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది. బరువు మోసేది కింది బాల్ జాయింటే. ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రాన్ని వేలాడదీస్తే స్ప్రింగు ఆర్మ్‌ని కిందకి తోస్తూ జాయింట్‌ని బిగదీసి పట్టుకుంటుంది. లూజు ఎంతున్నా మీ చేతికి తెలియదు. ఇలాంటి బండికి జాకీ కింది ఆర్మ్ కిందే, బాల్ జాయింట్‌కి వీలైనంత దగ్గరగా పెట్టి లేపాలి. స్ప్రింగు బరువు జాకీ తీసుకుంటుంది, జాయింట్ ఊపిరి పీల్చుకుంటుంది, అప్పుడు ఊపితే నిజం బయటపడుతుంది. పేర్లు బట్టీ పట్టొద్దు. స్ప్రింగు స్ట్రట్ మీదుంటే జాకీ బాడీ కింద, స్ప్రింగు కింది ఆర్మ్ మీదుంటే జాకీ ఆర్మ్ కింద.

చేత్తో ఊపడం కన్నా నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. జాకీ పైన చెప్పిన చోట పెట్టి చక్రం లేపాక, నకిల్ అడుగు అంచుకీ బాల్ జాయింట్ గిన్నెకీ మధ్య రబ్బరు బూటు (గ్రీజుని కాపాడే తొడుగు) మీద చూపుడు వేలు ఆనించండి. రెండో మనిషిని చక్రం పైభాగం లోపలికీ బయటికీ మెల్లగా తొయ్యమనండి. మంచి జాయింట్ అయితే వేలికి ఏమీ తెలియదు. అరిగినదైతే ప్రతి తోపుకీ చిన్న ‘టిక్’ వేలికొసకి తగులుతుంది, చెవికి వినపడకపోయినా. టామీ రాడ్ (ఇనప కడ్డీ) పెట్టి మీటేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: మీటినప్పుడు ఆర్మ్ లోపలి చివరి రబ్బరు బుష్ కూడా కదులుతుంది. ఆర్మ్ కదిలిందని జాయింట్‌ని తప్పు పట్టొద్దు. నకిల్‌కీ గిన్నెకీ మధ్య సందు పెరిగిందా లేదా అన్నదొక్కటే చూడండి.

లూజు లేకపోయినా బూటు చిరిగి ఉంటే? మార్చండి. రేగడి బురద ఒక వానాకాలం లోపలికి దిగితే చాలు, గ్రీజు కాస్తా గరుకు కాగితంలా గుండుని గీకేస్తుంది.

ఇక మార్చడం. 1986లో ఆకారం మారాక వచ్చిన మారుతి 800ని పెట్టుకుని చెబుతున్నాను. 2014 జనవరిలో తయారీ ఆగిపోయినా సామాను ఇంకా తేలిగ్గా దొరుకుతోంది. ఈ బండికి బాల్ జాయింట్ లోయర్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది, ఆర్మ్ మొత్తం మార్చుకోవడమే. పాత గిన్నెకి చుట్టూ వెల్డింగ్ చుక్కలు పెట్టి లూజు తీసేస్తామనే షాపులున్నాయి. వెళ్లొద్దు. లోపల గుండు కూర్చునేది ప్లాస్టిక్ కప్పులో, వెల్డింగ్ వేడికి అది కరుగుతుంది. రెండు వారాలు బిగుతుగా ఉంటుంది, ఆ తర్వాత ఏమవుతుందో చెప్పలేం.

బండి లేపడం, స్టాండు పెట్టడం, చక్రం తియ్యడం మీకు వచ్చు. ముందు రోజు రాత్రే బోల్టులన్నిటికీ తుప్పు వదిలే స్ప్రే కొట్టి పెట్టుకోండి. స్టెబిలైజర్ బార్ (రెండు ఆర్మ్‌లనీ కలుపుతూ ముందు అడ్డంగా పోయే వంపు కడ్డీ) చివర క్యాజిల్ నట్టుకి (గాళ్లున్న నట్టు) అది ఊడకుండా స్ప్లిట్ పిన్ ఉంటుంది, అది లాగేసి నట్టు తియ్యండి. తర్వాత నకిల్ అడుగున బాల్ జాయింట్ స్టడ్‌ని (గుండు నుంచి పైకి వచ్చే కాడ) బిగించే బోల్టు. దాన్ని లూజు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తియ్యాలి. స్టడ్ మెడ మీద గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచి పోతుంది. బోల్టు సగం లోపలుండగా ఎన్ని సుత్తి దెబ్బలు కొట్టినా స్టడ్ దిగదు, నకిల్ పగులుతుంది. బోల్టు తీశాక నకిల్ చీలికలో పాత స్క్రూడ్రైవర్ ఒకటి దిగ్గొట్టి కొంచెం విప్పండి, ఆర్మ్‌ని గునపంతో కిందకి నొక్కండి, స్టడ్ జారుతుంది. అది జారగానే నకిల్ మీ మీదకి వస్తుంది. బయటికి లాగకండి, డ్రైవ్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) లోపలి జాయింట్ ఊడుతుంది. నేనైతే స్ట్రట్‌కి ఒక తాడు కట్టి లోపలికి లాగి పెట్టుకుంటాను. చివరగా లోపలి బోల్టు తీసి ఆర్మ్‌ని బార్ మీదనుంచి లాగేయండి.

కొత్తది ఎక్కించడం దీనికి ఉల్టా. స్టడ్ పూర్తిగా పైకి ఎక్కిందనడానికి గుర్తు: బోల్టు చేత్తో తిప్పితే నునుపుగా అవతలికి పోవాలి. పోకపోతే స్టడ్ ఇంకా కొంచెం కిందుంది. బోల్టుని సుత్తితో కొట్టొద్దు. స్ప్లిట్ పిన్ పాతది మళ్లీ వాడొద్దు.

ఇప్పుడు నన్ను ఏళ్లుగా బాధ పెడుతున్న పొరపాటు దగ్గరికి వచ్చాం. ఆర్మ్ లోపలి చివర బుష్ బోల్టుని, చక్రం గాల్లో వేలాడుతుండగానే, చేతిలో పానా ఉంది కదా అని బిగించేస్తారు. దాదాపు ప్రతి షెడ్డులోనూ ఇదే చూశాను. నా సొంత బండికే ఒకచోట ఇలా చేస్తే, కొత్త బుష్ ఏడాది తిరక్కుండా చీలిపోయింది. ఎందుకు చీలిందో చూడండి. బుష్ అంటే బయట ఇనప గొట్టం, లోపల ఇనప గొట్టం, మధ్యలో రెండిటికీ అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బండికి అతుక్కుపోతుంది. ఆర్మ్ పైకీ కిందకీ ఊగినప్పుడు ఏదీ జారదు, రబ్బరే మెలి తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. అందుకే అది ఏ స్థితిలో బిగుసుకుందన్నదే ముఖ్యం. బండి నేలమీద నిలబడి ఉన్నప్పుడు రబ్బరు మెలిక లేకుండా ఉండాలి. గుంతలో దిగితే ఇటు కొంచెం, గతుకు ఎక్కితే అటు కొంచెం తిరగాలి. వేలాడుతుండగా బిగించారనుకోండి, రబ్బరుకి విశ్రాంతి స్థానం ఆ కిందకి వంగిన చోటు. బండి నేలమీదకి దించిన క్షణం నుంచే అది మెలి తిరిగి ఉంటుంది. రాత్రంతా షెడ్డులో ఆగి ఉన్నా మెలితోనే. దానిమీద గతుకు వస్తే ఇంకా మెలి. తడిగుడ్డని రోజంతా పిండి పట్టుకున్నట్టు. చీలకుండా ఎలా ఉంటుంది?

కాబట్టి గాల్లో ఉండగా ఆ బోల్టుని చేత్తో బిగించినంత మాత్రమే వదిలేయండి. స్టెబిలైజర్ బార్ నట్టు కూడా అంతే. చక్రం వేసి, బండి దించి, బానెట్ మీద చేతులానించి నాలుగుసార్లు గట్టిగా నొక్కి వదలండి. సస్పెన్షన్ తన చోట కూర్చుంటుంది. అప్పుడు బిగించాలి. మారుతి కింద దూరే చోటెక్కడుంది అంటారు, నిజమే. నేను మందపాటి టేకు చెక్కలు రెండు పెట్టుకున్నాను. ముందు చక్రాలు రెండూ వాటిమీదకి ఎక్కించి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పితే చక్రం వెనకనుంచి పానా దూరుతుంది. పది నిమిషాల పని. ఈ పది నిమిషాల కోసమే ఇంత పొడుగు రాశాను.

మర్నాడు అలైన్‌మెంట్ చూపించండి. ఈ బండికి ముందు సరిచేసుకోగలిగింది టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) ఒక్కటే, ఎక్కువ ఖర్చుండదు.

అభ్యాసం. విప్పిన పాత ఆర్మ్‌ని పారేయొద్దు. విప్పనివాళ్లు విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, మీ ఊరి తుక్కు కొట్టులోనో ఒకటి అడిగి తెచ్చుకోండి. ముందు స్టడ్‌ని వేలితో తిప్పి చూడండి. కొత్తదైతే బిగుతుగా, అన్ని వైపులా ఒకే బరువుతో తిరుగుతుంది. పాతది తన బరువుకి తనే పక్కకి వాలిపోతుంది. తర్వాత వైస్‌లో బిగించి, గిన్నెని హాక్సా బ్లేడుతో నిలువునా కొయ్యండి. గంట పడుతుంది, రెండు బ్లేడులు పోతాయి, చేతులు నొప్పెడతాయి. అయినా కొయ్యండి. గిన్నె రెండుగా విడిపోయినప్పుడు లోపల తుప్పు రంగు ముద్ద కనిపిస్తుంది, అది ఒకప్పటి గ్రీజు. గుడ్డతో తుడవండి. గుండు మీద ఒక పక్క అద్దంలా మెరుస్తుంది, ఇంకో పక్క చిన్న చిన్న గుంటలుంటాయి. తెల్లటి ప్లాస్టిక్ కప్పు ఒకవైపు గోటి మందం కూడా ఉండదు. గుండుని మళ్లీ ఆ కప్పులో పెట్టి వేలితో అటూ ఇటూ కదపండి. బూటు మీద వేలానించినప్పుడు మీకు తగిలిన ‘టిక్’ అదే.

రెండు ముక్కలూ ఒక డబ్బాలో దాచుకోండి. వచ్చే పాఠంలో టై రాడ్ ఎండ్‌ని కూడా ఇలాగే కోసి, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.