వైఫై డాంగిల్ పెడితే సీడీ డ్రైవ్ కనిపిస్తోందా? లైనక్స్‌లో దాన్ని దారికి తెచ్చే పద్ధతి

డాంగిల్ గుచ్చారు. వైఫై నెట్‌వర్క్‌ల జాబితా రావాల్సింది పోయి ఫైల్ మేనేజర్‌లో ఓ సీడీ డ్రైవ్ ప్రత్యక్షమైంది, లోపల విండోస్ సెటప్ ఫైలు. పాడైందనుకుని వాపసు పంపకండి. విండోస్ డ్రైవర్‌ను కంపెనీవాళ్లు డాంగిల్‌లోనే పెట్టి ఇచ్చారు. అందుకే అది ముందు సీడీ వేషంలో వస్తుంది, డ్రైవర్ ఎక్కాక వేషం విప్పుతుంది. లైనక్స్‌లో ఆ వేషం మనం విప్పించాలి.

ముందు లోపలి చిప్ ఏదో తేల్చుకోవాలి. డబ్బా మీది పేరును నమ్మి లాభం లేదు. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ వెర్షన్ 1లో ఉన్నది అథెరోస్ ఏఆర్9271, వెర్షన్ 2లో ఉన్నది రియల్‌టెక్ 8188ఈయూఎస్. పేరు ఒకటే, డ్రైవర్లు వేరు. టెర్మినల్ తెరిచి ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. వచ్చిన వరుసల్లో ‘ఐడీ’ పక్కన నాలుగు అక్షరాలు, కోలన్, మళ్లీ నాలుగు అక్షరాలు ఉంటాయి. మొదటి నాలుగు 0బీడీఏ అయితే రియల్‌టెక్, 0ఈ8డీ అయితే మీడియాటెక్, 148ఎఫ్ అయితే రాలింక్. ‘0బీడీఏ:1ఏ2బీ’ అని వచ్చిందా, అదే సీడీ వేషం.

విప్పించడం తేలికే. ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీ మీద కుడి క్లిక్ చేసి ఎజెక్ట్ నొక్కితే చాలాసార్లు సరిపోతుంది. లేదంటే యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేసుకోండి. ఇంకా నెట్ లేదు కదా అంటారా? ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, ఏ డ్రైవరూ వెతక్కుండానే నెట్ వస్తుంది. ప్యాకేజీ వేశాక డాంగిల్ తీసి మళ్లీ పెట్టి, ఎల్ఎస్‌యూఎస్‌బీ మరోసారి చూడండి. ఐడీ మారి ఉండాలి. 8811సీయూ, 8821సీయూ అనే రియల్‌టెక్ చిప్‌లలో ‘0బీడీఏ:సీ811’ అని వస్తుంది.

ఐడీ మారినా వైఫై రాకపోతే టెర్మినల్‌లో ‘యునేమ్ -ఆర్’ కొట్టి కర్నెల్ (లైనక్స్ గుండెకాయ, డ్రైవర్లు ఉండేది ఇందులోనే) వెర్షన్ చూడండి. ఈ చిప్‌ల యూఎస్‌బీ డ్రైవర్ కర్నెల్‌లో చేరింది 6.2 నుంచి. ఉబుంటు 24.04లో 6.8 ఉంది కాబట్టి చిక్కు లేదు. డెబియన్ 12 దగ్గర 6.1 ఉంది, ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. దానికి బ్యాక్‌పోర్ట్స్ (పాత డెబియన్ కోసం కొత్త ప్యాకేజీలు ఉంచే చోటు) నుంచి కొత్త కర్నెల్ వేసుకోవాలి. ఉబుంటు 22.04 మొదట 5.15తో వచ్చింది, హెచ్‌డబ్ల్యూఈ కర్నెల్ (పాత ఉబుంటుకే ఇచ్చే కొత్త కర్నెల్) వేస్తే పైకి ఎక్కుతుంది. వీలైనంతవరకు ఈ దారే పట్టండి. బయటి డ్రైవర్ సోర్స్ కోడ్ తెచ్చి మనమే కంపైల్ చేసుకోవడం చివరి ఉపాయం.

తప్పక అదే చేయాల్సి వస్తే డీకేఎంఎస్‌తోనే (కర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను మళ్లీ కట్టిపెట్టే సాధనం) చేయండి. లేకపోతే కర్నెల్ అప్‌డేట్ అయిన మర్నాడే వైఫై మాయమవుతుంది. కర్నెల్ హెడర్స్ (డ్రైవర్ కట్టడానికి కావాల్సిన ఫైళ్లు) మీరు నడుపుతున్న వెర్షన్‌వే అయి ఉండాలి. ఒక్క అంకె తేడా ఉన్నా బిల్డ్ కాదు. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే కంప్యూటర్ కాపలా) ఆన్‌లో ఉంటే డ్రైవర్ ఇన్‌స్టాల్ మధ్యలో ఉబుంటు ఓ పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది. 10 సెకన్లలో ఏదో ఒక కీ నొక్కి, ‘ఎన్‌రోల్ ఎంఓకే’ (మీ డ్రైవర్ సంతకం తాళాన్ని నమోదు చేయడం) ఎంచుకుని, ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. టీ కోసం లేచి వెళ్లారో, తెర దాటిపోతుంది, సంతకం చెల్లని డ్రైవర్‌ను కర్నెల్ లోపలికి రానివ్వదు.

డ్రైవర్ ఎక్కి కూడా ఏమీ కనబడకపోతే ‘సుడో డీఎంఈఎస్‌జీ’ కొట్టి, కర్నెల్ రాసిన సందేశాల్లో చివరి వరుసలు చదవండి. ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం) అనే మాటతో పాటు ‘ఎర్రర్ -2’ ఉంటే ఫర్మ్‌వేర్ ఫైలు డిస్క్‌లో లేదని అర్థం. ఉబుంటులో లైనక్స్-ఫర్మ్‌వేర్, డెబియన్‌లో ఫర్మ్‌వేర్-రియల్‌టెక్ ప్యాకేజీ వేయండి. ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ కొడితే సాఫ్ట్ బ్లాక్డ్ పక్కన ‘యెస్’ వచ్చిందా, వైఫైని సాఫ్ట్‌వేరే ఆపేసిందన్నమాట, ‘సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ చాలు. వైఫైకి మామూలుగా చెప్పుకునే ‘డబ్ల్యూలాన్0’ పేరు కనబడలేదని కంగారు పడకండి. ఉబుంటు యూఎస్‌బీ అడాప్టర్లకు డబ్ల్యూఎల్ఎక్స్‌తో మొదలై, వెనక మ్యాక్ అడ్రస్ (అడాప్టర్ గుర్తింపు సంఖ్య) తగిలించిన 15 అక్షరాల పేరు పెడుతుంది.

కనెక్ట్ అయ్యి మాటిమాటికీ తెగిపోతుంటే డ్రైవర్‌ను తిట్టే ముందు పోర్టు మార్చి చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, హార్డ్‌డిస్క్ కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయి. అర మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను కంప్యూటర్‌కు దూరం జరిపినా, రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఎంచుకున్నా సిగ్నల్ కుదుటపడుతుంది.