బలి నిలుస్తుందా? ఇంజిన్‌ను అడిగే పద్ధతి – పాఠం 4: హెచ్7 మీద బిషప్

పోయిన పాఠంలో చదరంగం ఇంజిన్ (ఎత్తులు లెక్కకట్టే ప్రోగ్రామ్) ఒక స్థితికి ఇచ్చే అంకె గురించి మాట్లాడుకున్నాం. అందులో ఒక్క సంగతి ఈ పాఠానికీ కావాలి. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్‌లో, 2022 డిసెంబరులో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి +1 అంటే ‘ఒక బంటు ఎక్కువ’ అని అర్థం కాదు. సమాన బలమున్న ఇంజిన్లు ఆడుకుంటే తెల్లకు గెలిచే అవకాశం దాదాపు సగం ఉందని అర్థం. అందుకే దాడి కోసం బిషప్‌ను కావాలని ఇచ్చాక (దీన్నే బలి అంటాం) తెర మీద +2 కనిపిస్తే, ఆ రెండూ ఎక్కడి నుంచి వచ్చాయని పావులు లెక్కపెట్టకండి. పావుల లెక్కలో మీరు వెనకబడే ఉన్నారు. ఆ అంకె మీ దాడి గురించి చెబుతోంది.

ఈ రోజు హెచ్7 బంటు మీద బిషప్ బలి నేర్చుకుందాం. కోచింగుల్లో దీన్ని గ్రీక్ గిఫ్ట్ అంటారు. చాలామంది పిల్లలు మొదట నేర్చుకునే బలి ఇదే, తప్పుగా ఎక్కువసార్లు ఆడేదీ ఇదే. బొమ్మ ఒకేలా కనిపించే రెండు స్థితుల్లో ఒకచోట మేట్ అవుతుంది, ఇంకోచోట పావు ఊరికే పోతుంది. తేడా ఎక్కడుందో కనిపెట్టడానికి ఇంజిన్‌ను మించిన సాధనం నాకు తెలియదు. అయితే దాన్ని అడగాల్సిన తీరులో అడగాలి.

ఇటలీకి చెందిన జోకినో గ్రీకో పేరు మీద 1620 నాటి ఆట ఒకటి సేకరణల్లో ఉంది. బోర్డు మీద ఈ ఎత్తులు వేయండి:

1. ఈ4 ఈ6 2. డి4 గుర్రం ఎఫ్6 3. బిషప్ డి3 గుర్రం సి6 4. గుర్రం ఎఫ్3 బిషప్ ఈ7 5. హెచ్4 క్యాస్లింగ్ 6. ఈ5 గుర్రం డి5

ఇక్కడ ఆగండి. ఇంజిన్ ఆన్ చేయకండి. ఈ విషయంలో నేను రాజీపడను. అంకె ఒకసారి కంటబడిందంటే మెదడు వెతకడం మానేస్తుంది. ఒక కాగితం తీసుకుని, తెల్ల బిషప్ హెచ్7 బంటును తీసి చెక్ ఇస్తే, నల్ల రాజు బిషప్‌ను తీస్తే, గుర్రం జి5కు వచ్చి మళ్లీ చెక్ ఇస్తే నల్ల ఏమేం ఆడగలదో రాయండి. నిబంధనల ప్రకారం సరిగ్గా ఐదు జవాబులున్నాయి: రాజు హెచ్8, జి8, జి6, హెచ్6 గడుల్లో ఒకదానికి వెళ్లడం, లేదా ఈ7 బిషప్‌తో గుర్రాన్ని తీయడం. ఐదింటికీ మీ జవాబు రాశాకే ముందుకు రండి.

రాజు హెచ్8కు గానీ జి8కు గానీ వెళితే తెల్ల మంత్రి (క్వీన్) హెచ్5కు వస్తుంది. గుర్రం అండతో హెచ్7 మీద మేట్ బెదిరింపు సిద్ధంగా ఉంటుంది. ఇవి తేలికైనవి. హెచ్6కు వెళితే గుర్రం ఎఫ్7 బంటును తీస్తుంది. గుర్రం పక్కకు తప్పుకోగానే సి1 బిషప్ దారి కూడా తెరుచుకుని డబుల్ చెక్ అవుతుంది. రాజు కదలక తప్పదు, డి8లోని నల్ల మంత్రి పోతుంది.

జి6 గడి దగ్గరే ఎక్కువమంది తడబడతారు. రాజు ధైర్యంగా ముందుకొచ్చినట్టు కనిపిస్తాడు. తెల్ల హెచ్5 బంటు చెక్ ఇస్తుంది. రాజు ఎఫ్5కు వెళితే జి4 బంటు ఎత్తుతో మేట్! ఒక్కో గడి చూడండి: ఈ4ను గుర్రం కాస్తోంది, ఎఫ్4నూ జి5నూ సి1 బిషప్, ఎఫ్6ను ఈ5 బంటు, జి6ను హెచ్5 బంటు, ఈ5ను డి4 బంటు, జి4ను డి1 మంత్రి. ఈ6లో సొంత బంటే అడ్డం. ఇంత అందమైన మేట్ కేవలం బంట్లతో ముగియడం నాకెప్పటికీ ఇష్టమైన సంగతి. ఎఫ్5కు బదులు హెచ్6కు వెళితే, పైన చెప్పిన డబుల్ చెకే.

ఇక మిగిలింది బిషప్ గుర్రాన్ని తీయడం. గ్రీకో ఆటలో నల్ల ఆడింది అదే. హెచ్4 బంటు ఆ బిషప్‌ను తీస్తుంది. బంటు జి గీతలోకి తప్పుకోగానే హెచ్1లోని ఏనుగు (రూక్) దారి తెరుచుకుని రాజుకు చెక్ పడుతుంది. రాజు జి8, మంత్రి హెచ్5, నల్ల ఎఫ్5, తెల్ల జి6, ఏనుగు ఈ8, మంత్రి హెచ్8 మేట్. రాజు జి8కు బదులు జి6కు వస్తే మంత్రి హెచ్5 చెక్, రాజు ఎఫ్5, మంత్రి హెచ్3 చెక్. అక్కడి నుంచి రాజు జి6కు తిరిగొస్తే హెచ్7 మీద, ఈ4కు వెళితే డి3 మీద మేట్.

ఇప్పుడు గుర్రం జి5 చెక్ దాకా బోర్డు మీద వేసి ఇంజిన్ ఆన్ చేయండి. లీచెస్ అనే వెబ్‌సైట్‌లో విశ్లేషణ బోర్డు ఉచితం, ఫోన్‌లోనూ పనిచేస్తుంది. లైన్ల (ఇంజిన్ చూపించే ఎత్తుల వరుసల) సంఖ్య ఐదుకు పెంచండి. మీ కాగితం మీద రాసిన జవాబులు తెర మీద వరుసగా కనిపిస్తాయి. మీరు రాయనిది ఏదైనా పై వరుసలో కనిపిస్తే దాని చుట్టూ గీత గీయండి. మీరు నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది. బిషప్‌ను అసలు తీయకుండా రాజు మూలకు జరిగే ఎత్తునూ వదలకండి. అప్పుడు తెల్లకు బంటు ఊరికే దక్కింది, దాడీ మిగిలే ఉంది.

అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. బోర్డు ఎడిటర్‌లోకి వెళ్లి 6వ ఎత్తు తర్వాతి స్థితిలో ఒక్కటే మార్చండి: తెల్ల హెచ్4 బంటును వెనక్కి హెచ్2లో పెట్టండి. మిగతావన్నీ అలాగే ఉండాలి. మళ్లీ బిషప్ హెచ్7, రాజు తీయడం, గుర్రం జి5 చెక్. ఈసారి నల్ల బిషప్ గుర్రాన్ని తీస్తే తిరిగి తీయడానికి తెల్లకు బంటు లేదు. సి1 బిషప్‌తో వెంటనే తీస్తే నల్ల మంత్రి జి5కు వచ్చి దాన్ని తినేస్తుంది. అందుకని ముందు మంత్రి హెచ్5 చెక్ ఇవ్వాలి, రాజు జి8కు వెళ్లాక బిషప్‌తో జి5లో తీయాలి. అప్పుడు నల్ల ఎఫ్6 ఆడుతుంది. ఈ5 బంటు దాన్ని తీస్తే డి5 గుర్రం ఎఫ్6లోకి వచ్చి తీస్తూ మీ మంత్రి మీదే దాడి చేస్తుంది. మంత్రి తప్పుకోవాలి, మేట్ బెదిరింపు పోయింది, తెల్లకు ఒక పావు తక్కువ. హెచ్1 ఏనుగు తన బంటు వెనకే ఉండిపోయింది, బి1 గుర్రం ఇంకా కదలనే లేదు.

ఒక్క బంటు రెండు గడులు వెనక్కి వెళ్లింది, అంతే. హెచ్4లో ఉన్నప్పుడు ఆ బంటు రెండు పనులు చేసింది: జి5లో తిరిగి తీసింది, తీస్తూ ఏనుగుకు దారి ఇచ్చింది. ‘కింగ్ దగ్గర రక్షణ లేదు, బలిచ్చేయ్’ అని నేర్పితే ఇది ఎప్పటికీ కనిపించదు. ఒక్కో పావునూ తీసి, జరిపి, మళ్లీ అడిగితే బలి ఏ పావు మీద నిలబడి ఉందో ఇంజినే చూపిస్తుంది. వంటలో ఉప్పు తీసి ఒకసారి, పులుపు తీసి ఒకసారి రుచి చూసినట్టే ఇదీ. ఒకేసారి రెండు మార్చితే ఏ మార్పు వల్ల అంకె తిరగబడిందో తెలియదు.

ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని మొదటి ప్రశ్నతో కలపకూడదు. బలి సరైనదా అనేది వేరు, ఎదుటివాడు దానికి జవాబు కనిపెట్టగలడా అనేది వేరు. రెండోదానికి ఎదుటివాడి ఎత్తు వచ్చినప్పుడు లైన్ల మధ్య తేడా చూడండి. మొదటి ఎత్తు ఒక్కటే నిలబడి, రెండో ఎత్తు నుంచి అన్నీ కుప్పకూలుతుంటే అతను ఒంటరి దారి మీద నడుస్తున్నట్టు. అలాంటి చోట్లు వరుసగా మూడు నాలుగు వస్తే, ఇంజిన్ ఒప్పుకోని బలి కూడా గడియారం ముందు భయంకరంగా ఉంటుంది. 1960లో మాస్కోలో బోత్విన్నిక్‌తో ప్రపంచ టైటిల్ పోటీ ఆరో ఆటలో తాల్ నల్ల పావులతో 21వ ఎత్తులో గుర్రాన్ని ఎఫ్4లో బలిచ్చాడు. తర్వాత విశ్లేషకులు తెల్లకు మెరుగైన రక్షణ చూపించారు, కానీ ఆ రోజు బోర్డు ముందు బోత్విన్నిక్‌కు అది దొరకలేదు. తాల్ ఆ ఆట గెలిచాడు, పోటీ కూడా గెలిచాడు. నా అభిప్రాయంలో మీ నోట్సులో ఈ రెండింటికీ రెండు గడులు ఉండాలి. ఒకే గడిలో ‘కరెక్ట్’ అనో ‘తప్పు’ అనో రాస్తే సగం సమాచారం పోతుంది.

మేట్ కనిపించని బలి వచ్చే పాఠానికి. ఈలోగా ఒక ఆట చూసి ఉంచండి: 1997 మే 11న న్యూయార్క్‌లో ఐబీఎం చెస్ కంప్యూటర్ డీప్ బ్లూ, అప్పటి ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ ఆడిన ఆరో ఆట. కాస్పరోవ్ 7వ ఎత్తుగా హెచ్6 ఆడాడు, డీప్ బ్లూ గుర్రాన్ని ఈ6లో ఇచ్చింది, 19 ఎత్తుల్లో ఆట ముగిసింది. ఆ ఎత్తు యంత్రం అక్కడికక్కడ లెక్కకట్టింది కాదు, దాని ఓపెనింగ్ పుస్తకంలో (ముందే నింపి పెట్టిన తొలి ఎత్తుల జాబితాలో) ఉంది. గుర్రం పోయిన కొన్ని ఎత్తుల తర్వాత కూడా ఎక్కడా మేట్ కనిపించదు. నల్ల రాజు క్యాస్లింగ్ లేకుండా డి8లో ఇరుక్కున్నాడు, నల్ల మంత్రి ఈ7లో నిలబడి సొంత బిషప్‌కే అడ్డమైంది. ఈ స్థితిని ఈనాటి ఇంజిన్‌కు ఇచ్చి, ప్రతి నాలుగు ఎత్తులకూ అంకె ఎలా కదిలిందో రాసి ఉంచండి.

ఇంటిపని గ్రీకో స్థితితోనే. ముందు, నల్ల ఏనుగును ఎఫ్8 నుంచి ఈ8కు జరపండి, రాజుకు ఎఫ్8 దారి తెరుచుకుంటుంది. ఇంజిన్ లేకుండా మీ తీర్పు రాసి, తర్వాత చూడండి. దాన్ని మొదటి చోట పెట్టేసి, ఈసారి తెల్ల బి2 బంటును బి3లో, సి1 బిషప్‌ను బి2లో పెట్టండి. ఐదు జవాబుల్లో ఏవేవి బలం పుంజుకున్నాయో కాగితం మీద ముందు ఊహించండి. చివరిగా తెల్లకు క్యాస్లింగ్ చేయించి, రాజును జి1లో, ఏనుగును ఎఫ్1లో పెట్టి, హెచ్4 బంటును అలాగే ఉంచి చూడండి. జి5లో బంటు తీసినప్పుడు ఇప్పుడు చెక్ పడదు. ఆ ఒక్క టెంపో (చెక్ వల్ల కలిసొచ్చే ఎత్తు) ఎంత విలువైందో మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠం మొదట ఈ మూడింటి లైన్లూ విప్పి చూద్దాం.