మూడు చక్రాల మోటార్‌సైకిల్ ముందు షాకులు: లోపం ఎక్కడ, మార్చవలసింది ఏమిటి

క్యాన్-యామ్ స్పైడర్, రైకర్ వంటి బళ్లకు ముందు రెండు చక్రాలు, వెనుక ఒకే చక్రం ఉంటాయి. ఇవి మలుపులో రెండు చక్రాల బండిలా లోపలికి వాలవు కాబట్టి బరువులో ఎక్కువ భాగం బయటి వైపు ముందు చక్రం మీదికి మళ్లుతుంది. ఆ బరువును మోసేది స్ప్రింగు, దాని ఊపును అదుపు చేసేది షాకు (షాక్ అబ్జార్బర్) లోని ఆయిల్, బండి పక్కకు ఒరగకుండా ఆపడంలో స్ప్రింగులకు తోడ్పడేది ముందు రెండు చక్రాలనూ కలిపే యాంటీ-రోల్ బార్ అనే కడ్డీ. ఈ మూడింటి పనులనూ విడదీసి చూడకుండా షాకులు కొన్నవారికి తరచుగా నిరాశే మిగులుతుంది. (మలుపులో వాలే రకం మూడు చక్రాల బళ్ల సంగతి వేరు, ఇక్కడి మాటలు వాటికి వర్తించవు.)

గతుకు దాటిన తర్వాత ముందు భాగం రెండు మూడు సార్లు ఊగుతుంటే షాకు అరిగిందని అనుమానించవచ్చు. బండి ముందు భాగాన్ని బలంగా నొక్కి వదిలినప్పుడు అది ఒక్కసారి లేచి కుదురుకోవాలి. షాకు రాడ్డు మీద వేలు పెట్టి చూస్తే జిడ్డుగా ఆయిల్ అంటుకుంటే దాన్ని లోపల ఆపి ఉంచే సీలు పోయినట్లే. ఒక వైపే చెడినా రెండింటినీ జతగా మార్చాలి.

బ్రేకు వేయగానే ముక్కు బాగా దిగిపోవడం, గుంతలో ఠక్కుమని కొట్టుకోవడం స్ప్రింగు మెత్తదనానికి గుర్తులు. రాడ్డు కనిపించే షాకైతే దాని చుట్టూ సన్నని ప్లాస్టిక్ టై బిగించి, సీలు వరకు జరిపి, మామూలుగా తిరిగే దారిలో ఒకసారి నడిపి రండి. టై రాడ్డు చివరికంటా జరిగి ఉంటే షాకు తన కదలికనంతా వాడేసిందన్నమాట. ఇక్కడ చాలామంది ప్రీలోడ్ (స్ప్రింగును ముందుగానే కొంత నొక్కి ఉంచే సర్దుబాటు) బిగించి ఊరుకుంటారు. మామూలు స్ప్రింగుకు ప్రీలోడ్ పెంచితే బండి ఎత్తు పెరుగుతుందే తప్ప స్ప్రింగు గట్టిపడదు. పైగా షాకును ఎ-ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే చేయి) మధ్యలో ఏటవాలుగా బిగిస్తారు కాబట్టి చక్రం కదిలినంతగా షాకు కదలదు. చక్రం 10 సెంటీమీటర్లు లేచినప్పుడు షాకు 6 సెంటీమీటర్లే నొక్కుకుంటుందనుకుంటే, స్ప్రింగు గట్టితనం చక్రం దగ్గర 0.6 వర్గానికి, అంటే 0.36 వంతుకు తగ్గిపోతుంది. అందువల్ల మరో బండి స్ప్రింగు అంకె చూసి మన బండికి ఎంచుకోవడం పొరపాటు. నడిపేవారి బరువు, సామాను చెప్పి, ఆ బండికే తయారైన షాకును తీసుకోవాలి.

మలుపులో ఒరుగు ఎక్కువగా ఉంటే ముందు చూడవలసింది షాకు కాదు. షాకు చేసే డ్యాంపింగ్ (ఊపును అణచడం) ఒరిగే వేగాన్ని మాత్రమే తగ్గిస్తుంది. పొడవైన మలుపులో బండిని నిలిపి ఉంచేవి స్ప్రింగులూ బారూ మాత్రమే. బార్‌ను పట్టి ఉంచే లింకుల్లో, బుష్‌లలో (రబ్బరు తొడుగుల్లో) వదులు ఉంటే వాటిని మార్చి, అప్పటికీ చాలకపోతే లావు బార్ వేయించాలి. నిండు కడ్డీ వ్యాసం 10 శాతం పెరిగితే గట్టితనం సుమారు 46 శాతం పెరుగుతుంది కాబట్టి కొద్ది తేడా చాలు.

తిన్నని రోడ్డుపై బండి అటూ ఇటూ లాగుతుంటే చల్లటి టైర్లలో గాలి, చక్రాలు తిరిగే బాల్ జాయింట్లు, చక్రాల అలైన్‌మెంట్ చూడాలి. షాకులు మార్చాకే ఇది మొదలైతే ఎత్తు మారడం వల్ల టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారిందని గ్రహించి అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి; ముందు ఎత్తు పెరిగితే హెడ్‌లైట్ వెలుగు కూడా పైకి లేచి ఉంటుంది.

కొత్త షాకులతో ప్రయాణం మరీ కటువుగా మారిందనేది తరచుగా వినిపించే ఫిర్యాదు. వరుస గతుకుల్లోనే కటువుగా ఉంటే రీబౌండ్ (షాకు తిరిగి విచ్చుకునే వేగాన్ని అదుపు చేసే సర్దుబాటు) అతిగా బిగిసి, షాకు తిరిగి విచ్చుకునేలోపే తర్వాతి దెబ్బ తగులుతోందన్నమాట; దాని మర రెండు క్లిక్కులు వదులు చేసి చూడాలి. ఒంటరి గతుకుకే చేతులు అదిరితే కంప్రెషన్ (షాకు నొక్కుకునే వేగాన్ని అదుపు చేసే సర్దుబాటు) తగ్గించాలి. ఒకసారికి ఒక్కటే మార్చి, పూర్తిగా బిగించిన స్థానం నుంచి ఎన్ని క్లిక్కులో రాసిపెట్టుకోవాలి. రబ్బరు బుష్‌లున్న బోల్టులను మాత్రం చక్రాలు గాలిలో వేలాడుతుండగా కాక, బండి నేలపై నిలిచి తన బరువుకు దిగిన తర్వాతే చివరిగా బిగించాలి. లేకపోతే ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉండి, షాకు ఎంత మంచిదైనా సస్పెన్షన్‌ను బిగదీసి పడుతుంది.