ఇంట్లో కుట్టిన జాకెట్టు కుదరకపోతే ఏం చేయాలి?

ఆది జాకెట్టు పక్కన పెట్టుకొని, కొలతలన్నీ రెండేసి సార్లు చూసుకొని, పొద్దుపోయేదాకా మిషను తొక్కి, హుక్కులు కూడా కుట్టేసి, తీరా తొడుక్కొని అద్దం ముందు నిలబడితే చెయ్యి పైకి లేవదు, లేదా మెడ భుజం మీద నుంచి జారిపోతూ ఉంటుంది. ఆ క్షణంలో చేతికి మొదట తగిలేది కత్తెరే. దాన్ని అందుకోకుండా ఉంటే చాలా జాకెట్లు దక్కుతాయి, ఎందుకంటే తప్పు కుట్టును విప్పవచ్చు గానీ, కత్తిరించిన గుడ్డ మళ్ళీ అతుక్కోదు.

మొదటి పని: ఆ రాత్రికి దాన్ని ముట్టుకోవద్దు

జాకెట్టును విప్పి, మడత పెట్టి, ఉదయం దాకా పక్కన ఉంచండి. ఇది మనసు కుదుటపడడానికి చెప్పే మాట కాదు. రాత్రి దీపం కింద ముదురు రంగు గుడ్డ మీద అదే రంగు దారం కనిపించదు, విసుగులో లాగితే కుట్టుతో పాటు పోగు కూడా తెగుతుంది. కుట్లను గట్టిగా ఇస్త్రీ చేయడం కూడా అప్పుడే వద్దు, ముఖ్యంగా అది పట్టు అయితే ఆ గీత తర్వాత ఒక పట్టాన పోదు.

రెండో పని: ముడతలను చదవాలి

పగటి వెలుతురులో, ఎప్పుడూ వేసుకునే లోదుస్తుల మీద జాకెట్టు తొడుక్కొని, హుక్కులు పెట్టుకొని, చేతులు వదులుగా వేలాడదీసి నిలబడండి. ఛాతీ మీద అడ్డంగా గీతల్లాంటి ముడతలు పడితే అక్కడ బిగుతు ఎక్కువైందని, నిలువుగా గుడ్డ మడతలు పడితే అక్కడ వదులు ఎక్కువైందని అర్థం. ఏటవాలు ముడతలు సాధారణంగా తప్పు ఉన్న చోటి నుంచే బయలుదేరతాయి. చాలాసార్లు ఆ చోటు చంక గానీ, డాటు (ఛాతీ దగ్గర ఆకారం కోసం గుడ్డను కోసుగా మడిచి వేసే కుట్టు) మొన గానీ అయి ఉంటుంది.

చంక విషయంలో ఎక్కువమంది పొరబడతారు. చెయ్యి ఎత్తినప్పుడు జాకెట్టు మొత్తం నడుము పైకి లేచిపోతుంటే చంక బిగుతైందనుకొని ఇంకాస్త లోతుగా కోసేస్తారు. నిజానికి చంక మరీ కిందికి దిగినప్పుడే అలా లేస్తుంది, కోసిన కొద్దీ పరిస్థితి ఇంకా చెడుతుంది. చంక బిగుతైతే గుర్తు వేరు. చేతులు దించి ఉన్నప్పుడే ముందు వైపు గుడ్డ ఒరుసుకొని, విప్పాక చర్మం మీద ఎర్రటి గీత కనిపిస్తుంది. ఈ రెంటినీ వేరు చేసి చూడకుండా కత్తెర పెట్టకూడదు.

నేను మొదటిసారి కుట్టుకున్నది మంగళగిరి నూలు జాకెట్టు. ఒక చెయ్యి చక్కగా కుదిరింది, రెండోది మాత్రం భుజం దగ్గర మెలి తిరిగి వెనక్కి లాగుతోంది. అరగంట సేపు చూస్తే గానీ తెలియలేదు, గుడ్డ మడవకుండా చేతులను విడివిడిగా కత్తిరించడం వల్ల రెండూ కుడి చేతివే వచ్చాయని. చేతి గుండ్రం ముందు వైపు కాస్త లోతుగా, వెనుక వైపు నిండుగా ఉంటుంది కనుక ఒకదానికి మరొకటి అద్దంలో బొమ్మలా రావాలి. అదృష్టవశాత్తూ ఆ సాదా చేనేత గుడ్డ రెండు వైపులా ఒకేలా ఉండడంతో, ఆ చేతిని ఊడదీసి తిరగేసి కుడితే సరిపోయింది. అదే పెడన కలంకారీ అద్దకమైతే ఈ కిటుకు పనిచేయదు, దాని లోపలి వైపు రంగు వెలిసినట్టు కనిపిస్తుంది.

మూడో పని: లోపల ఎంత గుడ్డ ఉందో కొలవాలి

జాకెట్టు బిగుతైతే దాని జాతకం మార్జిన్ చేతిలో, అంటే కుట్టుకు అవతల లోపలి వైపు వదిలిన గుడ్డ చేతిలో ఉంటుంది. హుక్కులు పెట్టకుండా తొడుక్కొని, ముందు రెండు అంచుల మధ్య ఎంత ఎడం వస్తుందో టేపుతో కొలవండి. అది 2 అంగుళాలు ఉందనుకుందాం. పక్క కుట్లు రెండు, ఒక్కో కుట్టులో ముందు ముక్క ఒకటి, వెనుక ముక్క ఒకటి ఉంటాయి, అంటే పంచుకోవడానికి మొత్తం నాలుగు అంచులు ఉన్నాయి. కాబట్టి ఒక్కో కుట్టును అర అంగుళం బయటికి జరిపితే చుట్టుకొలత 2 అంగుళాలు పెరుగుతుంది. పక్కల్లో 1 అంగుళం మార్జిన్ వదిలి ఉంటే ఇంకా అర అంగుళం మిగులుతుంది, అది చాలు. హుక్కుల పట్టీ కింద ఎడం కనపడకుండా ఉండాలి కనుక, కొలిచేటప్పుడు ఆ పట్టీ ఎంత మేర ఒకదానిపై ఒకటి ఎక్కుతుందో దాన్ని కూడా కలుపుకోండి.

నాలుగో పని: విప్పడం, జరపడం

వదులు చేసేటప్పుడు పాత కుట్టును ముందే విప్పనక్కరలేదు. చేతి అంచు దగ్గర మొదలుపెట్టి, చంక మీదుగా నడుము దాకా, పాత కుట్టుకు బయటి వైపున పెద్ద కుట్టు పెట్టి కొత్త వరుస వేసుకోండి. ఆ తర్వాత పాతది విప్పి, తొడుక్కొని, కూర్చొని, చేయి పైకెత్తి, వంగి చూసి, సరిపోతేనే దాని మీద గట్టి కుట్టు వేయండి. చంక దగ్గర ఎంత జరిపారో చేతి మొదలు దగ్గరా అంతే జరపాలి, మోచేతి వైపు వెళ్ళేకొద్దీ తగ్గించుకోవచ్చు.

విప్పేటప్పుడు గుడ్డను రెండు చేతులతో పట్టి చీల్చినట్టు లాగకండి. ఒక వైపు నుంచి నాలుగైదు కుట్లకు ఒకటి చొప్పున తెంపుకుంటూ వెళ్ళి, గుడ్డను తిప్పి, అవతలి వైపు దారం కొస పట్టి లాగితే పొడుగ్గా ఊడి వస్తుంది. నూలు గుడ్డలో మిగిలిన సూది రంధ్రాలను తడిచేసి గోటితో అటూ ఇటూ రుద్దితే, ఒకటి రెండు ఉతుకుల్లో చాలావరకు పూడుకుంటాయి. పట్టులో అలా పూడవు. అందుకే పట్టు జాకెట్టును వదులు చేయాలనుకుంటే ముందు లోపలి మార్జిన్లో అంగుళం మేర కుట్టి, విప్పి, గీత ఎంత కనిపిస్తుందో పరీక్షించుకోండి. మరీ కనిపిస్తే ఆ గీత మీదుగా సన్నని పైపింగ్ (గుడ్డతో చేసిన సన్నటి గోటు) వేయడమే మంచిది.

మెడ అర అంగుళం లోపు జారుతుంటే భుజం కుట్టును మెడ వైపు పావు అంగుళం లోపలికి తీసుకొని, చంక వైపు వచ్చేసరికి సున్నాకు దింపండి. అంతకు మించి జారితే వీపు వైపు తాళ్ళు కుట్టడమే సులువు. గుడ్డ అంతటా కుట్టు వెంట కుచ్చులు పడినట్టు ముడుచుకుంటే మాత్రం కటింగులో తప్పు వెతకకండి. పలచని పట్టు మీద 16 నంబరు సూది వాడారేమో, పై దారం మరీ బిగిసిందేమో చూడండి, 11 నంబరు సూదితో తుక్కు ముక్క మీద కుట్టి చూస్తే సంగతి తేలుతుంది. మొదటి ఉతుకు తర్వాత ముడుచుకుపోతే తప్పు లైనింగుది. నూలు లైనింగును ముందే నీళ్ళలో నానబెట్టి ఆరేయకపోవడం వల్ల అది కుంచించుకుపోయి పై గుడ్డను లాగుతుంది. అప్పుడు కింది అంచు దగ్గర లైనింగును విడదీసి, ఎవరి పొడుగున వారిని వేలాడనివ్వాలి.

మార్జిన్ లేకపోతే

పక్కల్లో చంక నుంచి నడుము దాకా నిలువు పట్టీ వేయవచ్చు. చేతులు దించి ఉన్నంతసేపూ అది ఎవరి కంటా పడదు. జాకెట్టు ముక్క ఏమీ మిగలకపోతే చీరను వెంట తీసుకొని మ్యాచింగ్ సెంటరుకు వెళ్ళి, దుకాణం లైటు కింద కాకుండా గడప బయట వెలుతురులో రంగు పోల్చుకోండి. రంగు దాదాపుగా కలిసిందని సరిపెట్టుకుంటే అతుకు అతుకులాగే కనిపిస్తుంది. దానికన్నా చేతులు, పక్క పట్టీలు కలిపి పూర్తిగా వేరే రంగు వేస్తే కావాలనే కుట్టినట్టు ఉంటుంది.

టైలరుకు ఇవ్వాలనుకుంటే సగం విప్పి, అక్కడక్కడా కోసి ఇవ్వకండి, ఎలా ఉన్నదాన్ని అలాగే ఇచ్చి, ముడతలు ఎక్కడ పడుతున్నాయో వేసుకొని చూపించండి. ఆ గుడ్డ మీ వదినదో పక్కింటి పిన్నిదో అయితే, బాగుచేయడం మొదలుపెట్టకముందే వారికి ఒక మాట చెప్పండి.

ఎంత చేసినా కుదరని జాకెట్టును కుట్లన్నీ విప్పి, ముక్కలను ఇస్త్రీ చేసి, పాత వార్తాపత్రిక మీద పరిచి గీసుకోండి. ఎక్కడ ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో ఆ గీతల పక్కనే రాసుకుంటే తర్వాతి జాకెట్టుకు అదే ఆది అవుతుంది. నా మంగళగిరి జాకెట్టు తాలూకు కాగితం ఇప్పటికీ మిషను సొరుగులో ఉంది, చేతి బొమ్మ మీద ఎర్ర ఇంకుతో రాసి ఉంటుంది: ‘గుడ్డ మడిచి కత్తిరించు.’