వార్తలో వేగం రాసేటప్పుడు

వార్తలు దిద్దే మా పత్రిక జిల్లా డెస్కుకు రాత్రి ఏడు దాటాక వచ్చే వార్తల కాపీల్లో ప్రతి లారీ ‘దూసుకొస్తుంది’, ప్రతి నాయకుడూ ‘హుటాహుటిన’ బయలుదేరతాడు, ప్రతి పనీ ‘శరవేగంగా’ సాగుతుంది. కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్లకు నేను చెప్పేదొకటే. వేగం మాట కనబడగానే ఎంత, ఎవరు చెప్పారు అని అడగండి. రెండింటికీ జవాబు లేకపోతే కొట్టేయండి. వార్తకేం లోటు రాదు.

రోడ్డు ప్రమాదమే తీసుకోండి. ‘అతివేగంగా దూసుకొచ్చిన లారీ బైక్‌ను ఢీకొట్టింది’ అని విలేకరి పంపుతాడు. ఆ సమయంలో అతను అక్కడ లేడు. అయినా ఆ ఒక్క మాటతో తప్పు డ్రైవర్‌దేనని మనం తేల్చేశాం. ఇంట్రోలో, అంటే మొదటి పేరాలో, ‘లారీ బైక్‌ను ఢీకొట్టింది’ అని ఆపండి. వేగం సంగతి ప్రత్యక్ష సాక్షులు చెప్పారనో, పోలీసులు ప్రాథమికంగా భావిస్తున్నారనో రెండో పేరాలో రాయండి. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 281వ సెక్షన్ కింద కేసు పెట్టారంటే నిర్లక్ష్యంగా నడిపాడన్న ఆరోపణ ఉందని మాత్రమే, వేగం రుజువైందని కాదు. ఆగి ఉన్న లారీని కారు గుద్దిన వార్తలో కూడా ‘దూసుకొచ్చిన లారీ’ రావడం నేను చూశాను. అలవాటు అలా రాయిస్తుంది మరి.

తుపాను రోజుల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాతావరణ శాఖ బులెటిన్‌లో రెండు వేగాలుంటాయి. ఒకటి గాలులది, రెండోది తుపాను కదలికది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలుల వేగం గంటకు 90 నుంచి 100 కి.మీ. కదలిక వేగం మామూలుగా గంటకు పది, పదిహేను కి.మీ. ఉంటుంది. ఈ రెండూ కలిపేసి ‘100 కి.మీ. వేగంతో దూసుకొస్తున్న తుపాను’ అని హెడ్డింగ్ పెడితే, 400 కి.మీ. దూరంలో ఉన్నది నాలుగు గంటల్లో మీద పడుతుందని చీరాలలో చదివినవాళ్లు బెంబేలెత్తిపోతారు. నిజానికి దానికి ఒక రోజు పైనే పడుతుంది. పైగా తుపాను నెమ్మదిగా కదిలితే మంచిదనుకోకండి, ఒకేచోట ఎక్కువసేపు కురుస్తుంది. ‘తీవ్ర’ అన్న మాట కూడా ఊరికే వాడేది కాదు. గాలి గంటకు 62–88 కి.మీ. ఉంటే తుపాను, 89–117 ఉంటే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను.

వరదల్లో ‘ధవళేశ్వరం వద్ద 10 లక్షల క్యూసెక్కుల వేగంతో గోదావరి’ అని వస్తుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఘనపుటడుగు. అది ఎంత నీరు పోతోందో చెబుతుంది, ఎంత వేగంగా పోతోందో చెప్పదు. ‘10 లక్షల క్యూసెక్కుల ప్రవాహం, మొదటి ప్రమాద హెచ్చరిక’ అనండి. గోదావరి లంకల్లో ఉన్నవాళ్లకు కావలసిన వేగం వేరు. భద్రాచలంలో 43 అడుగుల మొదటి హెచ్చరిక నుంచి 48 అడుగుల రెండో హెచ్చరికకు నీరు ఎన్ని గంటల్లో పెరిగింది? అది కనుక్కుని రాయండి.

కొన్ని మాటలు వేగంతో పాటు అభిప్రాయం కూడా మోసుకొస్తాయి. ‘యుద్ధప్రాతిపదికన’ అధికారుల ప్రెస్‌నోట్ భాష, వాళ్లు అన్నారని చెప్పకుండా వాడొద్దు. ‘ఆగమేఘాల మీద రోడ్డు వేశారు’ అంటే మంత్రి వస్తున్నాడు కాబట్టి వేశారన్న వెటకారం దాంట్లోనే ఉంది. ఆ ఉద్దేశం ఉంటే నిక్షేపంగా వాడండి. ‘హుటాహుటిన’ అంటే అనుకోని పని పడి వెళ్లడం. నెల ముందే ఖరారైన ఢిల్లీ పర్యటనకు ఎవరూ హుటాహుటిన వెళ్లరు.

రైలు వార్తల్లో గరిష్ఠ వేగం వేరు, సగటు వేగం వేరు. 2023 జనవరిలో మొదలైన విశాఖ–సికింద్రాబాద్ వందేభారత్ దాదాపు 700 కి.మీ. ప్రయాణానికి ఎనిమిదిన్నర గంటలు తీసుకుంది. సగటున గంటకు 82 కి.మీ. అన్నమాట. ఆ రైలును 180 కి.మీ. కోసం తయారుచేశారన్నది వేరే విషయం. క్రికెట్‌లో ‘వేగవంతమైన సెంచరీ’ బంతుల లెక్క, నిమిషాలది కాదు. 80,000 దగ్గర ఉన్న సెన్సెక్స్ 240 పాయింట్లు పెరిగితే 0.3 శాతం, దానికి ‘దూసుకెళ్లింది’ ఎందుకు?

పోలింగ్ ‘మందకొడిగా’ అని రాయాలంటే ఉదయం 9 గంటలకు ఎంత శాతమో, పోయిన ఎన్నికల్లో అదే సమయానికి ఎంతో పక్కపక్కన ఉండాలి. రెండో అంకె దొరక్కపోతే మొదటిది మాత్రమే రాసి పేజీని అచ్చుకు వదిలేయండి.