విదేశీ ఉద్యోగానికి బయలుదేరే ముందు చుట్టాల ఇళ్లు, మొక్కులు, కాగితాలు ఒకే చుట్టులో ఎలా ముగించాలి?

వీసా వచ్చిందన్న కబురు ఒక్క ఇంట్లో చెబితే చాలు, చీకటి పడేలోపు హనుమకొండ నుంచి హుజూరాబాద్ దాకా అందరికీ తెలిసిపోతుంది. ఆ వెంటనే "మా ఇంటికి ఎప్పుడొస్తున్నారు?" అని ఫోన్లు మొదలు. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్తున్నప్పుడు పని రెట్టింపు: రెండు వైపుల చుట్టాలు, రెండిళ్ల ఇలవేల్పులు, రెండు ఊళ్లలో కాగితాలు. చాలామంది కాగితాల కోసం ఒకసారి, మొక్కు కోసం మరోసారి, పెద్దమ్మను చూడటానికి ఇంకోసారి అదే రోడ్డు మీద తిరుగుతారు. చివరి వారానికి నీరసపడిపోతారు. మూడింటినీ కలిపి ఒకే తిరుగుడుగా పెట్టుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. ఇక్కడ వరంగల్‌ను కేంద్రంగా పెట్టుకుని రాస్తున్నాను. కరీంనగర్, జగిత్యాల వాళ్లు దిక్కులు మార్చుకుంటే సరిపోతుంది.

1. తేదీ ఖాయం కాగానే వెనక్కి లెక్కపెట్టండి

విమానం రోజు నుంచి వెనక్కి వస్తూ, చివరి వారాన్ని ఖాళీగా వదిలేయండి. ఆ వారంలో ఎవరింటికీ వస్తామని మాట ఇవ్వకండి. ఏదో ఒక పని ఎలాగూ దానిలోకి జారుతుంది. ఇక్కడి ఉద్యోగంలో ఆఖరి రోజుకూ ప్రయాణానికీ మధ్య కనీసం మూడు వారాలు ఉండేలా చూసుకోండి. కొత్త కంపెనీ ఎంత తొందరపెట్టినా ఈ మూడు వారాల కోసం గట్టిగా అడగడమే మంచిది.

ఒరిజినల్ సర్టిఫికెట్లకు ధ్రువీకరణ కావాల్సి ఉంటే, వాటిని అన్నిటికన్నా ముందు పంపించండి. బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి హేగ్ ఒప్పంద దేశాలకు అపోస్టిల్ ముద్ర (మన విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ) సరిపోతుంది. యూఏఈ, ఖతార్ వెళ్లేవారికి ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి, కాబట్టి ఇంకొంత సమయం పడుతుంది. కాగితాలు అక్కడ ఉన్న రోజుల్లో మీరు ఊళ్లు తిరగండి. వాటి కోసం ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తే ఒరిగేదేమీ లేదు.

2. పేర్లు రాయండి, వయసును బట్టి వరస పెట్టండి

ఇద్దరూ కూర్చుని ఒకే కాగితం మీద రాయండి. "నీ వైపు", "నా వైపు" అని రెండు జాబితాలు పెట్టుకుంటే రాత్రుల లెక్క మొదలవుతుంది: మీ వాళ్లింట్లో రెండు రాత్రులు, మా వాళ్లింట్లో ఒకటేనా అని. అదంతా వద్దు. ఎవరు ఎంత పెద్దవాళ్లు, ఎవరి ఆరోగ్యం బాగా లేదు అన్నదే వరస. రెండేళ్ల తర్వాత మీరు సెలవు మీద వచ్చేసరికి ఎనభై ఐదేళ్ల అమ్మమ్మ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. నలభై ఏళ్ల బావ మాత్రం అక్కడే ఉంటాడు, ఎంత అలిగినా.

కాబట్టి జాబితాను మూడు భాగాలు చేయండి. కదలలేని వాళ్ల దగ్గరికి మీరే వెళ్లాలి, వీలైతే ఒక రాత్రి ఉండాలి. కదలగలిగిన వాళ్లందరినీ ఒక ఆదివారం ఒకే ఇంటికి భోజనానికి పిలవండి. పదిహేను ఇళ్లు తిరగడం ఆ ఒక్క పూటతో తప్పుతుంది. పెద్దగా పరిచయం లేని దూరపు చుట్టాలకు ఫోను చాలు.

ఆ ఏడాది ఎవరైనా పోయిన ఇల్లు ఉంటే దాన్ని ఈ వరసలో కలపకండి. పరామర్శకు వేరే రోజున, ముందుగా వెళ్లి రండి. అక్కడి నుంచి నేరుగా ఇంకొకరి ఇంట్లో బొట్టు పెట్టించుకోవడానికి వెళ్తే వాళ్లకూ ఇబ్బంది, వీళ్లకూ ఇబ్బంది.

3. దిక్కుల వారీగా తిరగండి

వరంగల్ నుంచి రోడ్లు తలో దిక్కుకు పోతాయి. తూర్పున ములుగు, అక్కడి నుంచి ఏటూరునాగారం. ఉత్తరాన పరకాల, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం. వాయవ్యంలో హుజూరాబాద్, కరీంనగర్, ఆపైన వేములవాడ, జగిత్యాల, ధర్మపురి. పడమట జనగామ, దక్షిణాన నర్సంపేట, మహబూబాబాద్. ఒక్కో దిక్కును ఒక్కో విడతగా పెట్టుకుని, ఆ దారిలో ఉన్న చుట్టాలు, గుళ్లు, ఆఫీసులు అన్నిటినీ దానిలోనే వేయండి.

రోజుకు రెండిళ్లు, మహా అయితే మూడు. మన దగ్గర ఎవరూ ఉత్త చాయ్‌తో పంపరు. అందుకే ముందురోజే ఫోను చేసి, "మధ్యాహ్నం భోజనం చిన్నమ్మ వాళ్లింట్లో, మీ దగ్గర చాయ్ తాగుతాం" అని స్పష్టంగా చెప్పండి. ఎందుకంటే చెప్పకుండా వెళ్తే మూడిళ్లలోనూ కోడికూర ఉడుకుతూ ఉంటుంది, మూడో ఇంట్లో మీరు కంచం ముందు కూర్చుని బాధపడతారు.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. ఆ రోజుల్లో ములుగు దారిలో చుట్టాల ఇళ్లకు వెళ్లే ఆలోచనే పెట్టుకోకండి. వాహనాలు గంటల తరబడి కదలవు.

4. ఒడిబియ్యం, మొక్కులు

ఆడపిల్ల సముద్రాలు దాటి వెళ్తోందంటే పుట్టింటివాళ్లు ఒడిబియ్యం (దీవించి ఆమె ఒడిలో పోసే బియ్యం) పోయకుండా పంపరు. దీనికి అన్నిటికన్నా ముందు రోజు చూసుకోవాలి. శూన్యమాసాల్లో పోయరు, చాలా ఇళ్లలో పెళ్లయిన తర్వాత బేసి సంవత్సరం లెక్క కూడా చూస్తారు. మీది సరి సంవత్సరం అయితే ఏం చేయాలో పంతులుగారినీ ఇంట్లో పెద్దవాళ్లనూ ఇప్పుడే అడగండి, చివరి వారంలో కాదు.

ఇంకో విషయం మగవాళ్లు తరచూ మరిచిపోతారు. ఒడిబియ్యం పుట్టింట్లో పోయడంతో అయిపోదు. పసుపు, నెయ్యి పట్టించిన ఆ బియ్యాన్ని కొంగులో మూట కట్టుకుని అత్తవారింటికి తీసుకురావాలి, అక్కడ వండి ముత్తైదువలను పిలిచి భోజనం పెట్టాలి. అంటే రెండు ఇళ్లు, రెండు వేర్వేరు రోజులు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే ఇది పూర్తవ్వాలి. రెండో భోజనాన్నే మీ ఆదివారం కూడికగా మార్చుకుంటే అత్తమ్మకు ఒకే వంట, మీకు ఒకే పిలుపు.

మొక్కుల సంగతి. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు (గుడిలో కోడెను కట్టే మొక్కు), కొమురవెల్లి మల్లన్నకు పట్నం (రంగుల ముగ్గు వేసి చేసే పూజ), కొండగట్టు అంజన్న దర్శనం, ఎవరి ఇంటి ఆనవాయితీ వాళ్లది. వేములవాడ, కొండగట్టు రెండూ కరీంనగర్ దారిలోనే కలిసిపోతాయి. సోమవారం వేములవాడకు, మంగళవారం కొండగట్టుకు వెళ్లకండి, ఆ రోజుల్లోనే జనం విరగబడతారు. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలను, గోదావరి ప్రాణహితల కలయికను చూడాలనుకుంటే భూపాలపల్లి చుట్టాలతో కలిపి ఒక రోజు పూర్తిగా కేటాయించండి. తీరని మొక్కులన్నీ ఇప్పుడే తీర్చేయాలని పట్టుబట్టే పెద్దవాళ్లకు నా సలహా ఒకటే: దేవుడు సెలవుల దాకా ఆగుతాడు, కంపెనీ ఆగదు.

5. అదే దారిలో కాగితాలు

భార్యకో భర్తకో ఆధారిత వీసా కావాలంటే పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అడుగుతారు. అది ఇంకా లేకపోతే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చేయించుకోండి. పెళ్లి కార్డు, ఫొటోలు, వయసు ధ్రువపత్రాలతో పాటు సాక్షులూ కావాలి. మీరు భోజనానికి వెళ్లే ఊళ్లోనే పెళ్లి చూసినవాళ్లు ఉంటారు. పేర్ల స్పెల్లింగు పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే, బయటి దేశంలో మాత్రం అది వేరే మనిషి కింద లెక్క.

బ్యాంకుకు వెళ్లి విదేశానికి ఉద్యోగం మీద వెళ్తున్నామని చెప్పండి. ప్రవాసులైన తర్వాత ఇక్కడి మామూలు పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (ప్రవాసులు ఇక్కడి ఆదాయం వేసుకునే ఖాతా) మార్చుకోవాలి. అక్కడి జీతం పంపడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరుచుకోవచ్చు.

భూమి ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. ప్రవాస భారతీయులు మన దేశంలో వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. వారసత్వంగా వచ్చినదీ, ముందే కొన్నదీ ఉంచుకోవచ్చు. అన్నదమ్ముల పంపకాలు, విరాసత్ (వారసుల పేరు మీదికి) మార్పు, పాసుపుస్తకంలో తప్పులు ఏమైనా మిగిలి ఉంటే నానమ్మను చూడటానికి వెళ్లిన రోజునే తహసీల్దార్ కార్యాలయానికీ వెళ్లండి. మీ తరఫున సంతకం చేసే అధికారం తమ్ముడికో బాపుకో ఇవ్వాలనుకుంటే ఇక్కడ ఉండగానే రిజిస్టర్ చేయించండి. విదేశం నుంచి పంపితే అక్కడి మన కాన్సులేట్ ముద్ర వేయించాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి. ఇంత తతంగం ఎందుకు?

గల్ఫ్‌కు వెళ్తున్నవారిలో పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) ముద్ర ఉంటుంది. వాళ్లు ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదైన ఏజెంటు లేదా యజమాని ద్వారానే వెళ్లాలి. ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి, అందులో ప్రమాద బీమా 10 లక్షల రూపాయలు. సందర్శక వీసా మీద వెళ్లి అక్కడ పని చూసుకోవచ్చని చెప్పే ఏజెంటు గడప తొక్కకండి.

6. ఇద్దరికీ ఒక రోజు

చుట్టాలు లేని రోజు ఒకటి ఉండాలి, కారులో వెనక సీట్లో మేనల్లుడు కూడా లేని రోజు. రామప్ప, లక్నవరం కలిపి పెట్టుకోండి, రెండూ ములుగు జిల్లాలోనే. పొద్దున్నే పాలంపేట చేరితే రామప్ప గుడి చల్లగా, ఖాళీగా ఉంటుంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. పైకప్పును మోస్తున్నట్టు వాలి నిలబడిన నల్లరాతి మదనికల్లో (నాట్యగత్తెల శిల్పాల్లో) ఒకామె కాళ్లకు ఎత్తు చెప్పులున్నాయి, వెతికి చూడండి. మధ్యాహ్నానికి లక్నవరం చేరి, వేలాడే వంతెన మీద నడిచి, చీకటి పడకముందే తిరుగు ప్రయాణం పట్టండి.

అంత తీరిక లేదంటారా? వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు కట్ట, కోటలో కీర్తితోరణాలు, ఒక సాయంత్రం చాలు.

7. ఇచ్చినవన్నీ పెట్టెలో పట్టవు

ప్రతి ఇంట్లో బట్టలు పెడతారు. వద్దనకండి, తీసుకుని ఒక ఫొటో దిగి, అమ్మ దగ్గర బీరువాలో పెట్టి వెళ్లండి. బంగారం పెడితే, దాన్ని వెంట తీసుకెళ్తున్నట్టయితే, విమానాశ్రయంలో కస్టమ్స్ వారి దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు సుంకం గొడవ ఉండదు.

తినే వాటిలో సకినాలకు సాటి లేదు. బియ్యప్పిండి, నువ్వులు, వాముతో చేసి నూనెలో కాల్చినవి, తడి లేకపోతే వారాల తరబడి కరకరలాడతాయి. పేపర్ పరిచిన గట్టి డబ్బాలో అడ్డంగా పేర్చండి, నిలబెడితే చేరేసరికి పొడి మిగులుతుంది. పచ్చళ్లు చేతి సంచిలో పెట్టకండి, మూత బిగించి, రెండు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో వేయండి. ఆస్ట్రేలియా వెళ్లేవారు తినే వస్తువు ప్రతిదాన్నీ ఫారంలో రాసి చూపించాలి, దాచిపెడితే జరిమానా.

రెండింటి విషయంలో జాగ్రత్త. ఒడిబియ్యంలో పోసిన కుడుకలు ఇంట్లోనే ఉంచండి, నూనె ఎక్కువగా ఉండటం వల్ల ఎండు కొబ్బరిని విమానయాన నియమాలు మండే సరుకు కింద లెక్కేస్తాయి. రెండోది గసగసాలు. యూఏఈలో అవి నిషిద్ధం, పట్టుబడితే కేసు. అత్తమ్మ ప్రేమగా కొట్టి ఇచ్చిన మసాలా పొడిలో ఏమేం వేశారో తప్పకుండా అడగండి. బీపీ, షుగర్ మందులైనా సరే డాక్టర్ చీటీతో, అసలు పట్టీల్లోనే తీసుకెళ్లండి.

8. ఇంట్లో ఉండిపోయే వాళ్ల కోసం

ఖాళీగా ఉంచిన ఆ వారంలో చేయాల్సిన పని ఇదే. అమ్మానాన్నల మందుల పేర్లు, డాక్టర్ నంబరు, పక్కింటివాళ్ల నంబరు, అంబులెన్సు 108, అన్నీ పెద్ద అక్షరాలతో రాసి తలుపు పక్కన అంటించండి. వీడియో కాల్ ఎత్తడం ఒకసారి చూపించి వదిలేయకండి. మీరు పక్క గదిలోంచి చేయండి, వాళ్లంతట వాళ్లు ఎత్తేదాకా. సింగరేణిలోనో బడిలోనో పనిచేసి పింఛను తీసుకునేవాళ్లయితే ఏటా జీవన ధ్రువీకరణ ఇవ్వాలి. ఆ పనికి ఎవరు తోడు వెళ్తారో ఇప్పుడే ఒకరికి అప్పజెప్పండి.

9. బయలుదేరే రోజు

టికెట్టు మీద తేదీని మరోసారి చూడండి. పన్నెండో తేదీ తెల్లవారుజామున 2 గంటల విమానమంటే మీరు ఇంటి నుంచి బయలుదేరేది పదకొండో తేదీ సాయంత్రం. ఆ రోజు మంచిది కాదని పెద్దవాళ్లు అంటే టికెట్టు మార్చనక్కర్లేదు, మంచి రోజున ఒక సంచిని పక్కింట్లో ప్రస్థానం పెట్టి, వెళ్లేటప్పుడు తీసుకుంటే సరి.

ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ విమానాశ్రయం చేరడానికి నాలుగు గంటలు వేసుకోండి, విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. సాగనంపడానికి వచ్చేవాళ్లు ఒక్క బండికి సరిపడేంత మంది చాలు, టికెట్టు లేనివాళ్లను ఎలాగూ లోపలికి పంపరు. పెద్దవాళ్ల కాళ్లకు మొక్కడం, ఏడుపులు ఇంటి దగ్గరే కానివ్వండి. అన్నో బావో "నేను నడుపుతాలే" అన్నా ఒప్పుకోకండి, డ్రైవర్‌ను మాట్లాడండి. మీరు లోపలికి వెళ్లాక వాళ్లు రాత్రంతా తిరుగు ప్రయాణం చేయాలి, పగలంతా మీ సామాను మోసింది కూడా వాళ్లే.